పేస్టు పట్టే ముందు మైక్రోమీటర్: పాత ట్రాక్టర్ ఇంజిన్‌లో వాల్వ్ అరుగుదల

(చెన్నై పెరంబూరులో యువ తెలుగు మెకానిక్‌ల కోసం ఒక ఆదివారం జరిగిన శిక్షణ తరగతిలో, ఇంజిన్ హెడ్ల పని చేసే ఒక సీనియర్ మెషినిస్టు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఇక్కడున్న వాళ్ళలో చాలామంది నాయుడుపేట, సూళ్ళూరుపేట, సత్యవేడు వైపు నుంచి వచ్చి పని నేర్చుకుంటున్న వాళ్ళు. మిగతా వాళ్ళు పళ్ళిపట్టు, గుమ్మిడిపూండి వాళ్ళు. ఇంటి ముందు ట్రాక్టర్ చూస్తూ పెరిగారు. అందుకే ఈ రోజు కార్ల గురించి కాకుండా ట్రాక్టర్ హెడ్డు, అంటే సిలిండర్ల మీద మూతలా బిగించి వాల్వులను మోసే భాగం గురించి మాట్లాడతాను అన్నాను.

మనం కూర్చున్న ఈ చోటుకు కూడా ఆ ఇంజిన్లతో సంబంధం ఉంది. ఇక్కడికి దగ్గరలోనే సెంబియం. 1840లో గుర్రపు బండ్లు కట్టే సంస్థగా మద్రాసులో మొదలైన సింప్సన్, తర్వాతి రోజుల్లో అక్కడ పెర్కిన్స్ డిజైన్ డీజిల్ ఇంజిన్లు తయారుచేసింది. 1960లో టాఫే అనే ట్రాక్టర్ కంపెనీ మొదలై మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు ఇక్కడి నుంచే ఊళ్ళకు వెళ్ళాయి. మన రైతులు 'వెయ్యిముప్పైఐదు' అని పిలిచే ఎర్ర బండి అదే. ఆ కుటుంబంలో పాత ఇంజిన్ పేరు 3.152. మూడు సిలిండర్లు, 152 ఘనపు అంగుళాలు, అంటే సుమారు రెండున్నర లీటర్లు. బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 91.4 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 127. ముప్పై, నలభై ఏళ్ళ కిందటి బండ్లు కూడా ఇంకా దమ్ము చేస్తున్నాయి, బోరుబావి పంపు తిప్పుతున్నాయి. వాటి హెడ్లు ఆటోలో, బస్సు డిక్కీలో, జీఎన్‌టీ రోడ్డు మీదుగా ఇక్కడి మెషిన్ షాపులకు వస్తూనే ఉంటాయి.

వచ్చిన హెడ్డుతో పాటు ఒక మాట కూడా వస్తుంది: "అన్నా, వాల్వులు రుద్ది ఇచ్చెయ్." అంతే. ఏం అరిగింది, ఎంత అరిగింది, ఎవరూ కొలవలేదు. గరుకు గింజల పేస్టు రాసి, కర్రకు రబ్బరు కప్పు తగిలించి, వాల్వ్ తలను అది కూర్చునే సీటు మీద రుద్దేస్తారు. సీటు మీద బూడిద రంగు గీత గుండ్రంగా కనిపిస్తే పని అయిపోయింది అనుకుంటారు. బండి స్టార్ట్ అవుతుంది. ఒక సీజన్ తిరగకముందే మళ్ళీ అదే కంప్లయింటు. పొద్దున స్టార్టింగ్ కష్టం, పుల్లింగ్ లేదు, పొగ. రైతు మెకానిక్‌ను తిడతాడు, మెకానిక్ వాల్వ్ కంపెనీని తిడతాడు. నేను ఈ రోజు చెప్పాలనుకున్నది ఒక్కటే. వాల్వ్ ఒక్కటే అరగదు. వాల్వ్, దాని కాడ (స్టెమ్) జారే గొట్టమైన గైడు, దాని తల కూర్చునే సీటు, ఈ మూడూ కలిసి అరుగుతాయి. మూడూ కొలవకుండా పేస్టు డబ్బా మూత తియ్యొద్దు.

హెడ్డు విప్పకముందే మొదలుపెడదాం. చాలామంది బండి షెడ్డులోకి రాగానే స్పానర్ పట్టుకుంటారు. ఆగండి. ముందు టాపెట్ గ్యాపులు, అంటే వాల్వ్ చివరకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందులు, చూసి కాగితం మీద రాసుకోండి, ఏ వాల్వ్‌కు ఎంత ఉందో. ఈ ఇంజిన్‌కు చల్లగా ఉన్నప్పుడు 0.30 మిల్లీమీటర్లు, వేడిగా ఉన్నప్పుడు 0.25. ఎక్కడైనా గ్యాపు బాగా తగ్గిపోయి ఉంటే, ఆ వాల్వ్ సీటులోకి దిగిపోతోందని అర్థం. సీటు అరిగితే వాల్వ్ పైకి, రాకర్ వైపు జరుగుతుంది. గ్యాపు మూసుకుపోతుంది. పూర్తిగా మూసుకుపోతే వాల్వ్ సీటు మీద కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తల ఆరేడు వందల డిగ్రీల వేడిలో ఉంటుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం సీటు ద్వారానే హెడ్డులోకి, అక్కడి నుంచి నీళ్ళలోకి పోవాలి. కూర్చోకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. సందులోంచి మంట దూసుకుపోతుంది, అంచు కాలిపోతుంది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా వినండి, చాలామంది దీన్ని గమనించరు. సీటు అరిగితే గ్యాపు తగ్గుతుంది. రాకర్ ముఖం, వాల్వ్ చివర, రాకర్‌ను తోసే పుష్‌రాడ్ కొన, పుష్‌రాడ్‌ను ఎత్తే కామ్ అరిగితే గ్యాపు పెరుగుతుంది. రెండూ ఒకేసారి అరిగితే ఒకదాన్ని ఒకటి సరిచేసుకుంటాయి. గ్యాపు సరిగ్గా 0.30 ఉంటుంది, లోపల మాత్రం రెండు చోట్లా అరిగిపోయి ఉంటుంది. కాబట్టి గ్యాపు సరిగ్గా ఉంది కదా అని ఆ వాల్వ్‌ను వదిలెయ్యకూడదు. ఇంకొకటి. రాకర్ ముఖం మీద వాల్వ్ కొట్టి కొట్టి చిన్న గుంట పడుతుంది. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు ఆ గుంట మీద వంతెనలా నిలబడుతుంది, గుంటలోకి దిగదు. రేకు 0.30 అంటుంది, అసలు గ్యాపు 0.45 ఉండొచ్చు. ఎన్నిసార్లు సెట్ చేసినా టకటక చప్పుడు పోని బండ్లలో ముందు రాకర్ తిరగేసి ముఖం చూడండి.

తర్వాత గాలి పరీక్ష. ఇంజెక్టర్ తీసి, ఆ రంధ్రంలో అడాప్టర్ బిగించి, ఆ సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు పైభాగంలో నిలిపి, కంప్రెసర్ గాలి వదలండి. ఇంజిన్ తిరగకుండా గేరులో పెట్టి బ్రేకు వెయ్యండి, ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టొద్దు. ఇప్పుడు వినండి. ఎయిర్ క్లీనర్ గొట్టంలో బుస వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వ్. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్. ఆయిల్ పోసే మూత దగ్గర వస్తే పిస్టన్ రింగులు, లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం). రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్ గానీ హెడ్డు పగులు గానీ. ఇదంతా అరగంట పని కూడా కాదు. హెడ్డు దించాక ఏం వెతకాలో మీకు ముందే తెలిసిపోతుంది.

ఇక హెడ్డు దించాం. వాల్వులు తీసేటప్పుడు ఏ గైడులోంచి వచ్చింది ఆ గైడు నంబరుతోనే ఉండాలి. చెక్కకు ఆరు రంధ్రాలు వేసి, ముందు నుంచి వెనక్కి నంబర్లు రాసి గుచ్చండి. పుష్‌రాడ్‌లు కూడా అంతే. గిన్నెలో అన్నీ కలిపేస్తే, మీరు కొలిచే కొలతలకు అర్థమే ఉండదు.

కడగకముందు ఒకసారి చూడండి. ఇన్‌లెట్ వాల్వ్ మెడ దగ్గర జిగటగా, తడిగా నల్లటి పెంకు కట్టి ఉంటే గైడులోంచి ఆయిల్ దిగుతోంది. ఎగ్జాస్ట్ వాల్వ్ సీటుకు ఆనే ముఖం మీద ఒక పక్క బూడిద రంగు, ఇంకో పక్క నల్లటి గీత ఉంటే అక్కడ గాలి లీకు. ముఖం మీద చుట్టూ ఒకేలా చిన్న చిన్న గుంటలు ఉంటే మసి గింజలు నలిగిన గుర్తు. ఇవన్నీ వైర్ బ్రష్ తగిలిన మరుక్షణం పోతాయి. ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ఇప్పుడు అందరి చేతిలో ఉంది కదా.

కడిగాం. ఇప్పుడు కొలత. వాల్వ్ స్టెమ్‌ను మూడు చోట్ల కొలవాలి, ప్రతి చోటా రెండు వైపులా, ఒకదానికొకటి అడ్డంగా. మొదటి చోటు పైన, స్ప్రింగు లాకు కూర్చునే గాడికి కింద, గైడులోకి ఎప్పుడూ వెళ్ళని భాగం. అక్కడ అరుగుదల ఉండదు, కాబట్టి అది ఆ వాల్వ్ పుట్టినప్పటి సైజు. మాన్యువల్ దొరక్కపోయినా ఆ వాల్వే మీకు కొత్త కొలత చెబుతుంది. రెండో చోటు గైడు పై అంచు రాసుకునే భాగం, మూడో చోటు కింది అంచు రాసుకునే భాగం. మొదటి చోటు కొలతకూ మిగతా రెండింటికీ తేడా ఎంతో రాసుకోండి. గోరుతో గీస్తే మెట్టులా తగిలితే ఇంక కొలవక్కర్లేదు, ఆ వాల్వ్ పక్కన పెట్టండి.

గైడు దగ్గర మనవాళ్ళు ఎక్కువగా తప్పిపోతారు. గైడు లోపల మసి గట్టిపడి ఉంటుంది. అది తియ్యకుండా వాల్వ్ పెట్టి ఊపితే బిగుతుగా ఉన్నట్టు అనిపిస్తుంది. గైడు బ్రష్ పెట్టి, కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి అప్పుడు చూడండి. స్మాల్ హోల్ గేజ్ పెట్టి పైన, మధ్యలో, కింద కొలవండి. రాకర్ ఊగే దిశలో ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. రాకర్ వాల్వ్‌ను నిట్టనిలువుగా నొక్కదు, కొద్దిగా పక్కకు తోస్తుంది. అందుకే గైడు గుండ్రంగా అరగదు, ఆ దిశలో కోడిగుడ్డు ఆకారంలో అరుగుతుంది. రెండు కొనల్లోనూ గంట మూతిలా విచ్చుకుంటుంది. మధ్యలో మాత్రం కొత్తదానిలా ఉంటుంది. మధ్యలో ఒక్కచోట కొలిచి బాగుంది అనుకుంటే మోసపోయినట్టే.

హోల్ గేజ్ లేని షెడ్డులో డయల్ గేజ్ ఉంటుంది. వాల్వ్‌ను సుమారు 15 మిల్లీమీటర్లు పైకెత్తి, తల అంచుకు డయల్ ఆనించి, రాకర్ దిశలో ఊపండి. అక్కడ వచ్చే అంకె స్టెమ్‌కూ గైడుకూ మధ్య ఉన్న అసలు సందు కంటే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే తల దూరంగా ఉంది. అందుకే ఎంత ఎత్తి కొలవాలో మాన్యువల్‌లో ఉన్నట్టే ఎత్తండి, లేకపోతే మీ అంకెకూ వాళ్ళ లిమిట్‌కూ పొంతన కుదరదు. అరిగింది వాల్వా గైడా తేలకపోతే ఒక కొత్త వాల్వ్ అదే గైడులో పెట్టి ఊపండి. అప్పుడూ అంతే ఊగితే గైడు పోయింది.

పెట్రోల్ ఇంజిన్ పని చేసి వచ్చిన వాళ్ళు ఇక్కడ అడుగుతారు: గైడు అంత అరిగితే నీలం పొగ రావాలి కదా అని. ఈ డీజిల్ ఇంజిన్‌లో ఇన్‌లెట్ దారిలో థ్రాటిల్ మూత లేదు. గాలి అడ్డం లేకుండా వస్తుంది, కాబట్టి గైడులోంచి ఆయిల్‌ను గట్టిగా లాగే వాక్యూమ్ ఉండదు. పొగ కనిపించకుండానే గైడు పాడైపోతుంది. అందుకే కొలవక తప్పదు అంటున్నాను. ఇక ఎందుకు అరిగిందో కూడా చూడండి. మెట్ట దుక్కిలో దుమ్ము ఎక్కువ. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్‌లో ఆయిల్ మార్చకుండా, గిన్నె అడుగున బురద పేరుకుపోయేదాకా నడిపితే ఆ దుమ్మంతా ఇన్‌లెట్ వాల్వ్ స్టెమ్ మీదుగానే లోపలికి పోతుంది. ఇన్‌లెట్ గైడులు ఎగ్జాస్ట్ కంటే ఎక్కువ అరిగి ఉంటే, హెడ్డు తిరిగి ఇచ్చేటప్పుడు ఎయిర్ క్లీనర్ గురించి రైతుకు నోరు తెరిచి చెప్పండి. లైనర్లు కూడా అదే దుమ్ముతో అరుగుతున్నాయి.

గైడు అరిగితే ఏమవుతుంది? తలుపు బందు వదులైతే తలుపు చట్రంలో కూర్చోదు. తలుపు అంచు ఎంత చిత్రిక పట్టినా లాభం లేదు. వాల్వ్ కూడా అంతే, ప్రతిసారీ ఒక కొత్త చోట కూర్చుంటుంది, సీటును అటూ ఇటూ కొడుతుంది. పైగా సీటు కోసే కట్టర్‌కు ఆధారంగా ఉండే పైలట్ కడ్డీ గైడులోనే నిలబడుతుంది. గైడు వంకరగా ఉంటే మీరు కోసిన సీటు కూడా వంకరే. అందుకే వరస ఎప్పుడూ ముందు గైడు, తర్వాత సీటు, ఆఖరున వాల్వ్. కొత్త గైడు కొట్టాక రీమర్ (రంధ్రాన్ని కోసి సైజుకు తెచ్చే పనిముట్టు) వేసి సైజు చూసుకోండి. గైడు విడిగా లేని హెడ్డు వస్తే రంధ్రాన్నే రీమ్ చేసి, లావు స్టెమ్ ఉన్న వాల్వ్ వేస్తారు.

వాల్వ్ తల దగ్గరికి వద్దాం, ఇది త్వరగా అయిపోతుంది. ముఖానికీ తల పైభాగానికీ మధ్య ఉన్న నిలువు అంచు మందం చూడండి. గ్రైండ్ చేసిన ప్రతిసారీ అది పలచబడుతుంది. సాధారణంగా 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గితే వాడకండి. పలచని అంచు ఎర్రగా కాలుతుంది, తర్వాత చిట్లుతుంది. వీ-బ్లాకు మీద తిప్పి వంకర చూడండి, 0.05 దాటితే పక్కన పెట్టండి. మెడ దగ్గర స్టెమ్ సన్నబడి ఉంటే సాగిందని అర్థం, అది ఏదో ఒక రోజు తెగి పిస్టన్ మీద పడుతుంది. ఒక చిన్న ఉపాయం చెబుతాను. వాల్వులు కలిసిపోయి వస్తే అయస్కాంతం పెట్టి చూడండి. చాలా ఎగ్జాస్ట్ వాల్వుల తలకు అయస్కాంతం అంటుకోదు, వేడికి తట్టుకునే ఆస్టెనిటిక్ స్టీలుతో చేస్తారు కాబట్టి. ఇన్‌లెట్‌కు సాధారణంగా అంటుకుంటుంది.

సీటు కోసేముందు రెండు వాల్వుల మధ్య ఉండే సన్నని భాగంలో పగులు ఉందేమో, పగులును బయటపెట్టే రంగు (డై) వేసి చూడండి. అక్కడ పగులుంటే మిగతా పనంతా వృథా. సీటు కోణం ఈ పాత ఇంజిన్లలో మామూలుగా 45 డిగ్రీలు. వెడల్పు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. సీటు వెడల్పయితే మసి ఇరుక్కుంటుంది. మరీ సన్నమైతే వేడి దిగదు, త్వరగా కొట్టుకుపోతుంది. 30 డిగ్రీల కట్టర్‌తో పైనా, 60తో కిందా తగ్గించి, ఆనే గీత వాల్వ్ ముఖం మధ్యలోకి తెచ్చుకోవాలి.

ఇప్పుడు లోతు. ఈ రోజు నేను చెప్పిన వాటిలో ఒక్కటే గుర్తుపెట్టుకునేట్టయితే ఇది గుర్తుపెట్టుకోండి. సీటు కోసిన ప్రతిసారీ వాల్వ్ హెడ్డులోకి కొంచెం దిగుతుంది. నాలుగుసార్లు రుద్ది, రెండుసార్లు కోసిన హెడ్డులో వాల్వ్ తల గుంటలో కూర్చుని ఉంటుంది. గాలి లీకు ఉండదు, నీలం రంగు రాసి ఎక్కడ ఆనుతోందో చూసే బ్లూ పరీక్ష పాసవుతుంది, చూడటానికి అద్దంలా ఉంటుంది. కానీ పిస్టన్ పైన ఉండకూడని ఖాళీ వచ్చేసింది. డీజిల్ ఇంజిన్‌కు స్పార్కు ప్లగ్ లేదు, గాలిని నొక్కిన వేడితోనే డీజిల్ అంటుకోవాలి. ఖాళీ పెరిగితే కంప్రెషన్ తగ్గుతుంది, వేడి తగ్గుతుంది. డిసెంబరు, జనవరి చలి పొద్దుల్లో తెల్ల పొగ కక్కుతూ బ్యాటరీ అయిపోయేదాకా తిరిగే బండ్లలో ఇదొక కారణం. మూడు సిలిండర్లలో మూడు లోతులుంటే నడక కూడా సమంగా ఉండదు. హెడ్డు ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్‌తో గానీ, డెప్త్ గేజ్‌తో గానీ ప్రతి వాల్వ్ కొలవండి. మాన్యువల్‌లో మీ ఇంజిన్‌కు ఇచ్చిన గరిష్ఠ లోతు దాటితే సీటు ఇన్సర్ట్, అంటే కొత్త సీటు రింగు, కొట్టించాల్సిందే, వేరే దారి లేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. హెడ్డు వంగిందని ఫేసింగ్ కొట్టిస్తారు, అంటే దాని అడుగు ముఖాన్ని చదునుగా కోయిస్తారు. అప్పుడు ముఖం దిగుతుంది, వాల్వ్ తల పిస్టన్‌కు దగ్గరవుతుంది, ఇంజెక్టర్ నాజిల్ కూడా ముందుకు పొడుచుకొస్తుంది. ఈ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే సందు చాలా తక్కువ. ఫేసింగ్ తర్వాత లోతు మళ్ళీ కొలవకపోతే వాల్వ్ పిస్టన్‌కు కొట్టుకుంటుంది. కొందరు గుంటలో దిగిన వాల్వ్‌ను సరిచేయడానికే ఫేసింగ్ కొడతారు. దయచేసి అలా చెయ్యొద్దు. ఒక జబ్బుకు మందు వేయబోయి ఇంకోటి తెచ్చుకోవడం అది.

లాపింగ్, అంటే పేస్టుతో రుద్దడం, ఆఖరి పని. సన్న పేస్టు, కొద్దిసేపు, అంతే. అది ఉన్న సీటును సరిచూడటానికి, కొత్త సీటు చెయ్యడానికి కాదు. ముఖానికి పలచగా బ్లూ రాసి కూర్చోబెడితే చుట్టూ తెగకుండా గీత రావాలి. తర్వాత పేస్టు గింజ ఒక్కటి కూడా లేకుండా కడగండి, మిగిలిన గింజ మీ కొత్త గైడునే తింటుంది. స్ప్రింగులు బిగించాక పోర్టులో కిరోసిన్ పోసి ఐదు నిమిషాలు ఆగండి. చెమ్మ కూడా కనిపించకూడదు. స్ప్రింగుల విషయం ఒక్క మాట: అన్నీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి ఎత్తు చూడండి, పొట్టిదీ వంగిందీ మార్చండి.

ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.

(ఒక యువకుడు: అన్నా, ఇవన్నీ చేస్తే ఖర్చు పెరుగుతుంది. రైతు రుద్ది ఇమ్మంటాడు, డబ్బులివ్వడు. ఏం చెయ్యాలి?)

మంచి ప్రశ్న తమ్ముడూ. కొలతకు డబ్బు ఖర్చు లేదు, సమయమే. కొలిచి, కాగితం మీద రాసి, ఆయన చేతిలో పెట్టు. నాలుగో గైడు ఇంత అరిగింది, రెండో వాల్వ్ ఇంత లోతు దిగింది అని చూపించు. మన రైతుకు అంకెలు అర్థం కాకపోవడం ఉండదు, ఎకరాకు ఎన్ని లీటర్ల డీజిల్ పోతోందో ఆయన నోటి లెక్క. అన్నీ మార్చాలని కూడా ఉండదు. ఆరింటిలో రెండు గైడులే పోయి ఉంటే రెండే మార్చు. కొలవకుండా అన్నీ మార్చినా ఆయన డబ్బు వృథాయే. నాట్ల మధ్యలో బండి ఆగితే ఆయన కిరాయి బండికి పెట్టే డబ్బు ముందు గైడు ఖరీదు ఎంత?

(మరొకరు: జీపీ రోడ్డులో వాల్వులు రకరకాల ధరల్లో ఉన్నాయి సార్. పుదుపేటలో పాత హెడ్డు కూడా దొరుకుతుంది. ఏది మంచిది?)

ఏది కొన్నా మైక్రోమీటర్ జేబులో పెట్టుకుని వెళ్ళండి. కొత్త వాల్వ్ కూడా స్టెమ్ కొలిచి, వంకర చూసి, తల వ్యాసం పాతదానితో సరిచూసి తీసుకోండి. ఈ ఇంజిన్ కుటుంబంలోనే వేర్వేరు స్టెమ్ సైజులు ఉన్నాయి, డబ్బా మీద రాసింది చూసి తెచ్చుకుంటే తిరిగి వెళ్ళాల్సి వస్తుంది. పాత హెడ్డు కొనాలంటే ముందు వాల్వుల మధ్య పగులు, తర్వాత వాల్వ్ లోతు, తర్వాత హెడ్డు మందం చూడండి. ఆ మూడూ బాగుంటే గైడులు పోయినా పర్వాలేదు, అవి మార్చుకోవచ్చు.

(ఇంకొకరు: బిగించాక మళ్ళీ విప్పి చూడాలా?)

విప్పక్కర్లేదు. కానీ మొదటి ఇరవై, ఇరవై ఐదు గంటలు నడిచాక బండి దగ్గరికి వెళ్ళు. హెడ్డు నట్లు మాన్యువల్ చెప్పిన వరసలో, చెప్పిన టార్కుకు చూడు. గ్యాస్కెట్ అణిగి ఉంటుంది, సీట్లు సర్దుకుని ఉంటాయి, కాబట్టి టాపెట్ గ్యాపులు మారతాయి. నట్లు చూశాకే టాపెట్లు, ముందు కాదు. మూడు సిలిండర్ల ఫైరింగ్ వరస 1-2-3, ఆ లెక్కన తిప్పుకుంటూ సెట్ చెయ్యి. ఆ అంకెలు కూడా హెడ్డు విప్పేముందు రాసిన కాగితం మీదే, పక్క గడిలో రాయి. ఆ కాగితం ఒక కాపీ రైతుకు ఇవ్వు, ఒకటి నీ దగ్గర ఉంచుకో. రెండేళ్ళ తర్వాత అదే బండి వచ్చినప్పుడు ఏ వాల్వ్ ఎంత వేగంగా దిగుతోందో దాన్నిబట్టి చెప్పగలవు.